సున్న యాడ పెట్టిన్రు

సిరివంచ రేవుల నా కొలువు
ఒక తెల్ల స్తంభాన్ని చదువుడు.
పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, వానకాలంల గంటగంటకు.
నల్లగీతను నీళ్లు యాడ తాకితే అది అంకె.
అలలుంటయి గదా, తాకుడు ఒక్కతీరుగ యాడుంటది?
మీదికి తాకింది, కిందికి తాకింది
రెండూ కలిపి సగం చేస్త.
నా నౌకరీ మొత్తం ఆ సగమే.

స్తంభం మీద అంకెలు వంద దాటి ఉంటయి.
నా కాళ్ల కాడ నీళ్లు పిక్కల దాకనే.
కొత్తల ఇంజనీరు సారును అడిగిన.
"సముద్రం నుంచి లెక్క" అన్నడు.
నేను సముద్రాన్ని చూడలే.
ఇరవై రెండేండ్ల సంది
చూడనిదాని కాడికెల్లి కొలిచి చెప్తున్న.

గడ్చిరోలి నుంచి ఫోను: "మీటర్‌మధే సాంగా."
అవతలి ఒడ్డు నుంచి ఫోను: "ఎన్ని ఫీట్లే?"
నడుమ ప్రాణహిత.
నీళ్లల్ల రాష్ట్రాల గీత ఉందంటరు,
నాకైతే గీత పలక మీదనే, సుద్దతోని:
ఇటు మీటర్లు, అటు ఫీట్లు.
ఒక అమాస రాత్రి తడిచేతులతోని ఫోనెత్తి
"రెండు పెరిగింది" అన్న. ఏం రెండో చెప్పలే.
ఇటోళ్లు పశువుల తాళ్లు ఇప్పిన్రు.
అటోళ్లు దుప్పటి మొకం మీదికి గుంజుకున్నరు.
అప్పటిసంది అంకె కంటె ముందుగాల కొలత పేరు చెప్త:
"మీటర్లు, రెండు."
లైన్ల ఎవడో నవ్వుతడు. నవ్వనీ.

రాజుబాయికి ఇవేవీ పట్టయి.
వాగు మూతి కాడ ఆమె గుడిసె.
చీలమండ, పిక్క, మోకాలు, నడుము.
నడుం దాక వస్తే మేకపిల్లను భుజానికెత్తుతది.
"నువ్వు పొడుగుంటవు, నీ నడుం లెక్క నాకెట్ల పనికొస్తది?"
ఈ ఒక్క మాటకు నా పట్టికల జవాబు లేదు.

నిరుడు వరదకు ఆమె పత్తి కొట్టుకపోయింది.
తలాఠీ వచ్చి పంచనామా రాసిండు.
ఉన్నది ఎకరం. కాయితం మీద 0.40.
"నా భూమికి ముందుగాల సున్న పెట్టిండు సూడు!"
హెక్టారు, ఆరు, గుంట,
ఇసుకల గీసి అన్నీ చెప్పిన.
అంతా ఇని,
"ఆ చుక్క చెరిగితే నలభై అయితది గదా?" అన్నది.
అయితది.
గంత వరద కూడా ఆ చుక్కను చెరపలే.

ఈ ఎండకాలం స్తంభం నెత్తిన డబ్బా పెట్టిన్రు.
అదే కొలుస్తదట, అదే పంపుతదట.
బిగించ వచ్చిన నాందేడు పోరడు తేజరావు
చాయ తాగుకుంట చెప్పిండు:
దాని కడుపుల మీటర్లు లేవు, ఫీట్లు లేవు.
ఉన్నది, లేదు. ఒకటి, సున్న. గంతే దాని భాష.
"సగం?" అన్న.
"సగం ఉండదు కాకా."

శ్రావణంల పెద్ద నీళ్లు వచ్చినయి.
టవరు పండుకుంది. డబ్బా ఏం పంపిందో, ఎవరికి ముట్టిందో.
కట్ట మీద నిలబడి వాగు మూతి దిక్కు టార్చి ఏసిన.
ఆర్పిన. మల్ల ఏసిన.
అవతల చీకటి.
అది సున్ననో, జవాబింక బయలెల్లలేదో
తేడా తెలిపే కొలత నా తాన లేదు.

ఎంతసేపో గంటలల్ల చెప్పలేను.
ఒక బీడీ, ఇంకోదాంట్ల సగం.
అప్పుడు, నేను చూస్తున్న కాడికి బాగ మీద
ఇప్పచెట్టు కొమ్మల నడుమ
ఒక్క వెలుగు. ఆరింది.
ఎనుక మేకపిల్ల అరుపు.

రిజిస్టరు తీసిన. టైము గడిల టైము రాసిన.
నీటిమట్టం గడిల ఏం రాయాలె, స్తంభమే మునిగింది.
ఒకటి అని రాసిన.
కొలత పేరు రాయలే.